పిల్లల వార్డు అప్పగింత

పొద్దున డ్యూటీ మారే వేళకి పిల్లల వార్డు సంతలా ఉంటుంది. ఒకపక్క తడిగుడ్డతో నేల తుడిచేవాళ్ళు, ఒకపక్క పాలు చల్లార్చే తల్లులు, ఇంకోపక్క సూది కనబడగానే మంచం కిందికి దూరే పిల్లలు. ఆ గోలలోనే రాత్రి చూసిన డాక్టరూ పగలు చూడబోయే డాక్టరూ పక్కపక్కన నడుస్తూ ఒక్కో మంచం దగ్గర ఆగుతారు. వెళ్ళిపోయే డాక్టరు ఆ పిల్లకి ఏమైందో, ఏ మందు వేశారో, దేనికి భయపడాలో చెప్పి "అప్పగిస్తున్నాను" అంటారు. వచ్చిన డాక్టరు "తీసుకున్నాను" అంటారు. ఆ మాట అనగానే పిల్ల బరువు ఒకరి భుజాల మీంచి ఇంకొకరి భుజాల మీదికి మారుతుంది. సాయంత్రం మళ్ళీ ఇదే తంతు.

మాటవరసకి చెప్పడం లేదు. మామూలు జ్వరం పిల్లాడైతే నిండు బకెట్టంత బరువు. ఊపిరాడని పిల్ల అయితే ఇనప్పెట్టె ఎత్తుకున్నట్టే. రేపో మాపో ఇంటికెళ్ళే పిల్ల తడి తువ్వాలంత కూడా ఉండదు, ఆసుపత్రి గేటు దాటగానే ఆ కాస్తా దానంతటదే జారిపోతుంది. డాక్టర్లు కూర్చునే కుర్చీలకి అడుగున ఇనప బద్దలు వేయించారు. వాళ్ళు నడిచే దారిలో గచ్చు కాస్త పల్లమై, పోసిన నీళ్ళన్నీ అటే పారతాయి. కడిగేవాళ్ళకి అదొక సుఖం.

ఆ రెండు మాటలూ అనుకోకపోతే మాత్రం బరువు మారదు. డాక్టరు ఇంటికెళ్ళి స్నానం చేసి, అన్నం తిని, మంచమెక్కినా సరే, పిల్లలు వాళ్ళ మీదే ఉంటారు.

డాక్టరమ్మ బతుకు కొన్నేళ్ళుగా అలాగే నడుస్తోంది. ఉత్తినే డాక్టరమ్మ అంటే ఆ ఆసుపత్రిలో ఈవిడే. మిగతావాళ్ళకి ముందో వెనకో ఒక హోదా తగిలించి పిలుస్తారు, ఈవిడకి తగిలించడానికి ఏమీ లేదు. బయటి దేశం నుంచి వచ్చిన తాత్కాలిక డాక్టరు. తోసుకుంటూ వచ్చిందేం కాదు. ఈ ఆసుపత్రివాళ్ళే కోట్లు వేసుకుని ఆవిడ ఊరికి వెళ్ళి, హోటల్లో సభ పెట్టి, "మా పిల్లలకి డాక్టర్లు లేరు, మీరొస్తే కళ్ళకద్దుకుంటాం" అని పిలుచుకొచ్చారు. ఆవిడ బయల్దేరిన కొన్నాళ్ళకే అక్కడ ఆవిడ చూసిన వార్డుకి తాళం పడింది. ఆ సంగతి అక్కడి నర్సు ఫోనులో మామూలుగా, వాన పడిందన్నట్టు చెప్పింది. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

ఆవిడ భర్త అక్కడ లెక్కల మాస్టారు. ఇక్కడ గోడౌనులో పార్సిళ్ళు ఊరి పేర్ల ప్రకారం సర్దుతాడు. కూతురు ఇక్కడి పిల్లల్లో కలిసిపోయింది, నాన్న మాట్లాడే తీరుని సరిదిద్దే దాకా వచ్చింది, వచ్చే ఏడు పెద్ద పరీక్షలు. ముగ్గురూ ఈ దేశంలో ఉండటానికి ఆధారం డాక్టరమ్మ ఉద్యోగం ఒక్కటే. తాత్కాలికానికి ఒక హద్దుంది, ఆ హద్దు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఈలోగా పర్మనెంటైనా కావాలి, మూటాముల్లె అయినా సర్దుకోవాలి.

ఇక అన్నయ్య సంగతి చెప్పాలి. పిల్లల వార్డుకి పెద్ద డాక్టరు ఆయన. డాక్టరమ్మ దేశంవాడే, ఆవిడ భాషే. చాలా ముందు వచ్చాడు, అప్పటికి నియమాలు ఇంతగా బిగించలేదు, ఇట్టే పర్మనెంటయ్యాడు. డాక్టరమ్మ కుటుంబం దిగిన రోజున తనే బస్టాండుకి వచ్చి సామాన్లు మోశాడు. వాళ్ళావిడ దుప్పట్లు, గిన్నెలు పంపించింది. "నాకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరమ్మా. ఆ లోటు ఇవాళ్టితో తీరింది" అన్నాడు. డాక్టరమ్మ అక్కడే కరిగిపోయింది. పరాయిచోట సొంత భాషలో ఎవరైనా తిన్నావా అని అడిగితే చాలు, మనిషి ఉన్నదంతా రాసిచ్చేస్తాడు.

అప్పగింత నేర్పింది కూడా ఆయనే.

"చూడు చెల్లెమ్మా, అప్పగిస్తున్నానన్న మాట చెవిన పడగానే జవాబు నోట్లోంచి రావాలి. ఏ పనిలో ఉన్నా రావాలి. నువ్వు ఆలోచిస్తూ నుంచుంటే ఆ కాసేపూ పిల్ల ఎవరి మీదా ఉండదు. పిల్లల్ని గాల్లో ఉంచకూడదు. ఇంకోటి, మొదలెట్టిన అప్పగింత మధ్యలో ఆపకూడదు."

ఆ మాటలు చెప్పిన రోజున ఆయన నిజంగానే మంచి డాక్టరు. అది ఒప్పుకోవాలి.

తర్వాత ఆయన కమిటీల మనిషైపోయాడు. సాయంత్రం డ్యూటీ ఆయనది. డాక్టరమ్మ అప్పగించడానికి నోరు తెరిచేలోపే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఇవాళ ఒక్కరోజుకి ఉంచుకో చెల్లెమ్మా. పైన కమిటీ ఉంది. అదీ నీ కోసమేగా." ఆ ఒక్కరోజు మర్నాడూ వచ్చేది, వారం తర్వాతా వచ్చేది. కింద డ్యూటీ పుస్తకంలో పేరు ఆయనది, ఫోన్లు ఆవిడకి, పిల్లలు ఆవిడ మీద.

రాను రాను ఆయన తేలికైపోయాడు. నడిస్తే బూట్లు చప్పుడయ్యేవి కావు. గాలి రోజుల్లో వరండాలో కమ్మీ పట్టుకుని వచ్చేవాడు. కోటు జేబులో, కాగితాల మీద బరువుకి పెట్టే గాజు గుండు ఒకటి వేసుకు తిరిగేవాడు. ఆయన వార్డులోకి అడుగుపెడుతుంటే హెడ్ నర్సు, అందరూ సిస్టర్ అని పిలిచే మనిషి, వెళ్ళి ఫ్యాను ఆపేసేది.

డాక్టరమ్మ వ్యవహారం దీనికి తలకిందులు. బస్సు డ్రైవరు ఆవిణ్ణి చూడగానే, "మధ్య సీట్లో కూర్చోండి డాక్టరమ్మా. మొన్న వెనక కూర్చుంటే ముందు చక్రాలు రోడ్డు వదిలేశాయి" అనేవాడు. ఇంట్లో మాస్టారు మంచం కింద దుంగలు పెట్టించాడు.

"ఇవాళ ఎంతమంది?" అనేవాడు తలుపు తీస్తూ.

"వార్డు మొత్తం."

"మళ్ళీ ఉంచుకోమన్నారా మీ అన్నయ్య?"

"ఆయన మన కోసమే తిరుగుతున్నారండీ."

"తిరుగుతున్నాడు సరే, కాలు ఎక్కడా ఆనినట్టు కనబడదు" అని మాస్టారు గొణిగేవాడు. డాక్టరమ్మకి కోపం వచ్చేది. అన్నయ్యని ఎవరేమన్నా ఆవిడ ఊరుకునేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆయన్ని వెనకేసుకురావడం ఆవిడ వల్ల కూడా కాలేదు. ఆ రోజు పగటి డ్యూటీ కూడా ఆయనదే. ముందురోజు సాయంత్రం మామూలుగానే ఉంచుకోమని వెళ్ళాడు. డాక్టరమ్మ భోజనానికి కూర్చుంది. ఎడమ భుజం మీద ఒక బరువు ఉన్నట్టుండి కదలడం మానేసింది. ఫోను మోగకముందే ఆవిడకి తెలిసిపోయింది. వార్డు చివరి మంచం పిల్లాడు, మెదడువాపు. బతికున్న పిల్లల బరువు నిద్రలో పాపాయిలా అటూ ఇటూ ఒత్తిగిల్లుతుంది. పోయిన పిల్లల బరువు ఒత్తిగిల్లదు, జారిపోదు కూడా. వాడు ఆ భుజం మీదే ఉండిపోయాడు. ఆ తర్వాత ఎన్నడూ అన్నయ్య వాడి పేరు అడగలేదు.

ఇంత జరిగినా డాక్టరమ్మ ఎందుకు నమ్మిందంటే, కారణం ఆ కమిటీ. బయటి నుంచి వచ్చిన డాక్టర్ల సంగతి ఏం చేయాలో తేల్చడానికి పైవాళ్ళు వేసిన కమిటీ అది. వార్డుల్లో నలిగిన ఏళ్ళన్నీ సర్వీసుగా లెక్కవేస్తే డాక్టరమ్మ, ఆవిడలాంటివాళ్ళు అందరూ పర్మనెంటు అవుతారు. ఆ గదిలో కూర్చున్న బయటి మనిషి అన్నయ్య ఒక్కడే. "నేనున్నాగా" అనేవాడు. ఆ ఒక్క మాట మీద ఎన్ని కుటుంబాలు పిల్లల స్కూలు ఫీజులు కట్టాయో ఆయనకి తెలుసు.

ఓ సాయంత్రం ఆయన క్యాంటీన్లో డాక్టరమ్మని కూర్చోబెట్టుకున్నాడు.

"దాచకుండా చెప్పు చెల్లెమ్మా. వచ్చిన కొత్తలో నీకు ఏం కష్టమైంది? అక్కడ గట్టిగా వాదించాలంటే నాకు లోపలి సంగతులు కావాలి."

ఆవిడ అంతా చెప్పింది. మాస్టారికి కూడా చెప్పనివి చెప్పింది. తల్లులు గబగబా మాట్లాడితే సిస్టర్ని పక్కన నిలబెట్టుకున్నానని, ఇక్కడి మందుల పేర్లు వేరు కాబట్టి అరచేతిలో రాసుకుని తిరిగానని, ఒకరోజు బాత్రూములో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చానని. అన్నయ్య కళ్ళు కూడా చెమర్చాయి. ఆ కన్నీళ్ళు దొంగవని నేననను. మనిషి ఏడుస్తూ కూడా లెక్కలు వేసుకోగలడు.

తీర్మానం చెప్పే రోజు మధ్యాహ్నం అందర్నీ పెద్ద హాల్లోకి పిలిచారు. వేదిక మీద పైఅంతస్తు అధికారులు, చివరి కుర్చీలో అన్నయ్య. బయటి డాక్టర్లంతా ఇస్త్రీ బట్టలు వేసుకుని ముందు వరసల్లో కూర్చున్నారు. బరువుకి ఆ వరసల కుర్చీలు కిర్రుకిర్రుమంటున్నాయి. అన్నయ్య లేచి, ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో తేలిపోకుండా బల్ల అంచూ పట్టుకున్నాడు.

"బయట చదివి వచ్చినవాళ్ళు ఇక్కడ పనిచేసిన కాలం సర్వీసు కింద రాదు. దాన్ని అలవాటు పడే కాలంగా చూస్తాం. పర్మనెంటు పోస్టులు ముందు ఇక్కడ చదివినవాళ్ళకే. ఈ నియమం నేనే ప్రతిపాదించాను" అన్నాడు. "నేనూ బయటి నుంచి వచ్చినవాణ్ణే కాబట్టి లోపలి సంగతి నాకు తెలుసు. నాకు చెల్లెలి లాంటి డాక్టరు ఒకావిడ ఉంది. తల్లులు చెప్పేది అర్థం కాక నర్సుని పక్కన నిలబెట్టుకునేది. మందుల పేర్లు అరచేతిలో రాసుకుని తిరిగింది. పాపం, బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. అలాంటివాళ్ళ మీద పర్మనెంటు బాధ్యత పెట్టడం వాళ్ళకే అన్యాయం కాదా?"

హాల్లో అయ్యో అన్నట్టు చిన్న గుసగుస లేచింది. డాక్టరమ్మ తనకి తెలియకుండానే అరచెయ్యి మూసుకుంది. అందులో ఎప్పుడో చెరిగిపోయిన మందుల పేర్లు. పక్క కుర్చీలోవాళ్ళు తల తిప్పి చూశారో లేదో ఆవిడకి తెలీదు, అందరూ చూస్తున్నారనే అనిపించింది. ఒంటి మీద బట్ట లాగేసినట్టయింది.

వరండాలో ఆయన్ని పట్టుకుంది.

"ఎందుకు చెప్పారన్నయ్యా?"

"నీ పేరు చెప్పలేదుగా."

"చెప్పినా బాగుండేది. లేచి నుంచుని, ఆ తర్వాత నేనేం చేశానో చెప్పేదాన్ని."

ఆయన కమ్మీ పట్టుకుని అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "నీకు తెలీదు చెల్లెమ్మా. ఆ గదిలో మొదటి రోజే అడిగారు, మీరు మీవాళ్ళ పక్షమా అని. కాదని చూపించుకోకపోతే నా కుర్చీ ఉండేది కాదు. ఇప్పుడు పైఅంతస్తులో పోస్టు ఇస్తున్నారు. అక్కడికెళ్ళాక నీకేదో ఒకటి చూస్తాను."

"మాకు నెలాఖరు దాకానే ఉంది."

"తిరిగెళ్తే మాత్రం ఏమైంది? అక్కడ మాత్రం పిల్లలు లేరా, వాళ్ళకి డాక్టర్లు అక్కర్లేదా?"

ఆ తాళం పడిన వార్డు గురించి ఆయనకి చెప్పింది కూడా డాక్టరమ్మే. ఆ మాట నిజం కావడం వల్ల ఇంకా మండింది. ఎక్కడో ఉన్న అధికారి గొంతు కోస్తే తిట్టుకుని నిద్రపోవచ్చు. దుప్పటి ఇచ్చిన చెయ్యి కోస్తే ఆ దుప్పటిని ఏం చేయాలో తోచదు. డాక్టరమ్మ వెళ్ళి మొహం కడుక్కుంది. ఈసారి కుళాయి తిప్పింది మొహం కడుక్కోవడానికే.

సాయంత్రం డ్యూటీ మారే వేళకి అన్నయ్య అధికారులిద్దర్ని వెంటబెట్టుకుని వార్డుకి వచ్చాడు. వెళ్ళిపోయే ముందు తన వార్డు ఎంత బాగుందో చూపించాలని సరదా. సిస్టర్ ఫ్యాను ఆపింది. ఆయన వాళ్ళకి కొత్త మంచాలు చూపిస్తూ, వాటి చక్రాల గురించి చెబుతున్నాడు, వీపు ఇటుంది.

పగ తీర్చుకోవాలని డాక్టరమ్మ అనుకోలేదు. అనుకుని ఉంటే నేను దాచను. ఆవిడ డ్యూటీ అయిపోయింది, తీసుకోవలసిన మనిషి ఎదురుగా ఉన్నాడు, అంతే. తలుపు పక్క మంచం దగ్గర నిలబడి, రోజూ చెప్పాల్సిన గొంతుతోనే చెప్పింది.

"నిమోనియా. జ్వరం దిగింది, దగ్గు ఉంది. పొద్దున ఎక్స్‌రే తీయించాలి. అప్పగిస్తున్నాను."

"తీసుకున్నాను" అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరక్కుండానే, చక్రాల సంగతి మధ్యలో.

ఎన్నేళ్ళ అలవాటది. ఎవరికీ ఆ వార్డులో అప్పగింత మాట విని నోరు మూసుకోవడం రాదు. ఆయన నేర్పిందే.

ఆయన బూట్లు టక్కుమన్నాయి. కొన్నేళ్ళ తర్వాత మొదటిసారి. ఆయన వెనక్కి తిరిగాడు. డాక్టరమ్మ అప్పటికే రెండో మంచం దగ్గరికి వెళ్ళింది. ఆయన చెయ్యి అలవాటుగా పైకి లేచింది.

"చెల్లెమ్మా, ఇవాళ..."

సిస్టర్ చేతులు కట్టుకుని అడ్డం వచ్చింది. "మొదలెట్టిన అప్పగింత మధ్యలో ఆపకూడదు కదండీ డాక్టరుగారూ. నాకు చెప్పింది మీరే."

"కానివ్వండి, కానివ్వండి. మేమూ చూస్తాం" అన్నాడు అధికారి ముచ్చటపడి.

ఆ మాటతో ఆయనకి దారి మూసుకుపోయింది. డాక్టరమ్మ ఒక్కో మంచం దగ్గరా ఆగి, ఏ మందో, ఎంత మోతాదో, ఏ తల్లి భయపడుతుందో, ఏ తండ్రి అబద్ధం చెబుతాడో అన్నీ చెప్పింది. "అప్పగిస్తున్నాను." "తీసుకున్నాను." ఆయన నుదుట చెమట పట్టింది. కోటు భుజాలు కిందికి దిగాయి. జేబులోంచి గాజు గుండు తీసి కిటికీలో పెట్టేశాడు, ఇక దాంతో పనిలేదు.

కిటికీ పక్క మంచంలో ఉబ్బస పిల్ల. ఆ పిల్లకి ఊపిరి తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

"ఇంక నేను మీ మీద ఉండనా డాక్టరమ్మా?"

"ఉండవమ్మా. ఈయన మీద ఉంటావు."

"ఈయన మోయగలరా?"

"మోస్తారు. ఒకప్పుడు బాగా మోసేవారట" అంది డాక్టరమ్మ. అన్నయ్య వైపు తిరిగి, "ఆయాసం వస్తే పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, వెనక మీరు కూర్చుని మీకు ఆనించుకోండి. భయం తగ్గితే మందు పనిచేస్తుంది. అప్పగిస్తున్నాను" అంది.

"తీసుకున్నాను." ఇనప్పెట్టె బరువు పడగానే ఆయన మంచం కమ్మీ పట్టుకున్నాడు.

చివరి మంచం ఖాళీగా ఉంది, ఉతికిన దుప్పటి పరిచి ఉంది. డాక్టరమ్మ అక్కడ కూడా ఆగింది. ఎడమ భుజం మీద ఆదివారంనాటి పిల్లాడు కదలకుండా ఉన్నాడు. ఆ రోజు డ్యూటీ ఈయనది. ఇవ్వాల్సిన మనిషి ఈయనే. అన్నయ్యకి అర్థమైంది. మొహం పాలిపోయి, తీసుకోవడానికి సిద్ధపడ్డట్టే పెదాలు విప్పాడు కూడా. డాక్టరమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. వాడి పేరు ఇప్పటికైనా అడుగుతాడేమోనని చూసింది. ఆయన అడగలేదు. పేరు తెలియని మనిషి చేతుల్లో వాణ్ణి పెట్టబుద్ధి కాలేదు. అక్కణ్ణించి కదిలి, మెడలోంచి ఆసుపత్రి గుర్తింపు కార్డు తీసి సిస్టర్ చేతిలో పెట్టింది.

"నెలాఖరు దాకా ఉండొచ్చుగా డాక్టరమ్మా?" అంది సిస్టర్.

"ఉంటే మళ్ళీ ఉంచుకోమంటారు సిస్టర్. నేను మళ్ళీ ఉంచుకుంటాను."

అధికారులు లిఫ్టు ఎక్కి అన్నయ్యని పిలిచారు. ఆయన కాలు లోపల పెట్టగానే బరువు ఎక్కువైందని గంట మోగింది. దిగితే ఆగింది, ఎక్కితే మోగింది. "సరే, మెల్లగా మెట్లెక్కి రండి" అని వాళ్ళు పైకి వెళ్ళిపోయారు. ఆయన మెట్టు మీద కాలు వేస్తే మెట్టు కుంగింది. కాసేపు అక్కడే నిలబడి, తిరిగి వార్డులోకి వచ్చి, ఇనప బద్దల కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున ఎవరికి అప్పగించాలో చూద్దామంటే, ఆ పేరున్న కార్డు ఇప్పుడు సిస్టర్ చేతిలో ఉంది.

డాక్టరమ్మ వరండా దాటుతుంటే పక్క వార్డులోంచి "అప్పగిస్తున్నాను" అన్న మాట గట్టిగా వినబడింది. మేడ మీది వార్డులోంచీ, దాని ఎదుటి వార్డులోంచీ కూడా. మిగతా బయటి డాక్టర్లు కూడా ఆ సాయంత్రం తమ మీద పిల్లల్ని ఉంచి వెళ్ళే పెద్ద డాక్టర్లని పైకి పోనివ్వలేదు. లిఫ్టు గంట మోగుతూనే ఉంది. నియమం మాత్రం మారలేదు. అది చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది.

బస్సు డ్రైవరు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "ఇవాళ ఎక్కడైనా కూర్చోండి డాక్టరమ్మా" అన్నాడు. ఆవిడ అన్నిటికంటే వెనక సీట్లో కూర్చుంది. బస్సు మలుపు తిరిగితే జారి కిటికీకి తగిలింది. ఇన్నేళ్ళూ బరువుకి అలవాటు పడిన ఒళ్ళు, తేలిగ్గా ఎలా కూర్చోవాలో దానికి గుర్తులేదు. కూతురికి స్కూలు గురించి ఏమని చెప్పాలి, ఏ సామాను వదిలేయాలి, అక్కడ వార్డు తాళం ఎవరి దగ్గరుంది, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే ఫోను మోగింది.

"చెల్లెమ్మా." అన్నయ్య గొంతు రొప్పుతోంది. "కిటికీ పక్క పిల్లకి ఆయాసం వచ్చింది."

డాక్టరమ్మ నిటారుగా కూర్చుంది. "కూర్చోబెట్టారా?"

"కూర్చోబెట్టాను. వెనక నేనే ఉన్నాను. మందు పెట్టాం."

"పెదాల రంగు ఎలా ఉంది?"

"బాగుంది. తగ్గింది. నన్నేవో ప్రశ్నలు అడుగుతోంది."

"అయితే పర్లేదు. ఇంకాసేపు అలాగే ఆనుకోనివ్వండి."

ఆయన, దుప్పట్లు పంపించిన రోజుల నాటి గొంతుతో అన్నాడు. "ఒక్కసారి వచ్చి వీళ్ళని తీసుకోవా తల్లీ? పైన నా కోసం చూస్తున్నారు. నేను లేవలేకపోతున్నాను."

డాక్టరమ్మ తన నోటి దాకా వచ్చిన అలవాటు మాటని పళ్ళ బిగువున ఆపుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఇవాళ ఒక్కరోజుకి ఉంచుకోండి అన్నయ్యా" అంది.

ఫోను సంచీలో పెట్టి, ఎడమ భుజం కిటికీ చువ్వకి తగలకుండా కాస్త ఇటు జరిగి కూర్చుంది.